ఆయుధపూజనాడు ఇంజనీరు పరీక్ష

యుద్ధం ముగిసినప్పటి నుంచి మా కార్వేటినగరంలో ప్రతి తండ్రికీ కొడుకును ఇంజనీరు చెయ్యాలనే జబ్బు పట్టుకుంది. నేను లెక్కల అయ్యవారిని కనుక అందరూ నేరుగా మా ఇంటికే వస్తారు. అరుగు మీద చతికిలబడి, మా ఇంట్లో మజ్జిగ తాగి, "మావోడు ఇంజనీరు కావల్లంటే ఏం నేర్సుకోవాల అయ్యవారూ?" అని అడుగుతారు. ఆ మావోడికి ఏడో ఎక్కం రాదు. ఇదివరకైతే నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. ఆల్జీబ్రా, జామెట్రీ, ఆ తర్వాత మద్రాసులో కాలేజీ, మరో దారి లేదు పొండి అనేవాణ్ణి. ఇప్పుడలా అనడం లేదు. దేవరాజులు సంగతి చెబుతున్నాను. విన్నవాళ్ళలో సగం మంది నాకు మతి చెడిందనుకుని వెళ్ళిపోతారు. మిగతా సగం మంది మజ్జిగ పూర్తి చేసి వెళ్ళిపోతారు.

దేవరాజులు గురవమ్మ ఒక్కగానొక్క కొడుకు. తండ్రి లేడు. గురవమ్మ బస్సు షెడ్డు పక్కన పాక వేసుకుని రాగి సంగటి వండి అమ్మేది. వీడికి ఎనిమిదేళ్ళప్పుడు పుత్తూరు రోడ్డు మీద చిన్న వంతెన కట్టడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. ఆయన గొడుగు కింద నిలబడి వేలు చూపిస్తే నలభై మంది రాళ్ళు మోశారు. వేలు ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. సాయంత్రానికి వంతెన లేచింది, ఆయన చొక్కా మాత్రం నలగలేదు. దేవరాజులు ఇంటికి పరుగెత్తుకొచ్చి, "మా, నేను ఇంజనీరైతాను. ఆ పని నాకు వస్తాది" అన్నాడు.

ఆ తర్వాత నెల రోజులు వాడు వేలు చూపించడం సాధన చేశాడు. తల్లి పొయ్యిలో కట్టెలు ఎగదోస్తుంటే పక్కన నిలబడి ఏ కట్టె ఎక్కడ పెట్టాలో వేలితో చూపించేవాడు. ఆమె అదే కట్టెతో జవాబు చెప్పేది. వీపు వాచిన తర్వాత వాడికి ఈ విద్యలో ఇంకేదో ఉందని అనుమానం వచ్చింది. ఊళ్ళో పెద్దమనుషులను అడగడం మొదలుపెట్టాడు.

పోస్టుమాస్టరు మునిరామయ్య, హ్యాటు లేని ఇంజనీరును ఎవరూ నమ్మరన్నాడు. వీడు తాటాకుతో హ్యాటు అల్లుకున్నాడు. మూడో రోజున దాన్ని మేక తినేసింది. బస్సు యజమాని పరంధామయ్య, "చదువేంది అబ్బోడా, ఒళ్ళంతా నూనె పూసుకోని ఇంజను కింద పండుకుంటే అదే వస్తాది" అన్నాడు. వీడు గానుగ నూనె పూసుకుని బస్సు కింద పడుకున్నాడు. చీమలు పట్టాయి. చివరికి నా దగ్గరికి వచ్చాడు. "ముందు నాలుగో ఫారంలో నా చేత పాసనిపించుకో" అన్నాను.

నాలుగో ఫారంలో వాడు మూడేళ్ళు కూర్చున్నాడు. మూడేళ్ళూ నేనే పరీక్ష తప్పించాను. ఒక కొళాయి తొట్టిని మూడు గంటల్లో నింపును, అడుగున ఉన్న రంధ్రము దానిని నాలుగు గంటల్లో ఖాళీ చేయును, రెండును తెరచి ఉంచిన తొట్టి ఎప్పుడు నిండును అని పరీక్షలో అడిగాను. "ముందు రంధ్రము మూయవలెను. తరువాత మూడు గంటలు" అని రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సున్నా పెట్టి, దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టాను.

ఇంకొక రోజు మా ఇంటి ముందు నిలబడి ప్రహరీ గోడను తేరిపార చూసి, "ఇది పడిపోతాది అయ్యవారూ" అన్నాడు. "ఏ లెక్క వేసి చెబుతున్నావురా?" అని గద్దించాను. "లెక్క లేదు అయ్యవారూ. సూస్తే తెలస్తాది" అన్నాడు. చెవి పట్టుకుని బయటికి పంపాను. నాలుగో రోజు వానకు గోడ పడింది. నాకు గోడ పడినందుకు కోపం రాలేదు. లెక్క వేయకుండా పడినందుకు వచ్చింది. ఆ ఏడు కూడా వాణ్ణి తప్పించాను. అర్హత లేనివాడికి ఒక్క మార్కు వేసిన పాపం ఎరగనని నేను ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. అది నా గర్వం.

వాడు బడి మానేసి పరంధామయ్య బస్సులో చేరాడు. అప్పట్లో మాకున్నది ఆ ఒక్క బస్సే. కార్వేటినగరం నుంచి పుత్తూరు రైలు స్టేషను దాకా ఎనిమిది మైళ్ళు పోయి వచ్చేది. యుద్ధం వచ్చి పెట్రోలుకు కరువు రాగానే అన్ని బస్సుల లాగే దీన్నీ బొగ్గు బస్సుగా మార్చారు. వెనకాల మనిషెత్తు ఇనప పీపా తగిలించి, అందులో బొగ్గు మండించి, ఆ గ్యాసును గొట్టాల గుండా ఇంజనుకు పంపేవాళ్ళు. బయలుదేరాలంటే అరగంట ముందు నుంచీ ఫ్యాను పిడి పట్టుకుని తిప్పాలి. ఆ పీపా కోపతాపాలు దేవరాజులుకు తప్ప ఎవరికీ తెలియవు. దానితో వాడు మాట్లాడటం కూడా నేను విన్నాను.

అప్పుడే సర్కారువాళ్ళు యుద్ధం పనులకు ఫిట్టర్లు చాలక ఒక శిక్షణ పెట్టారు. మూడో ఫారం దాటి ఇంజను పని తెలిసినవాళ్ళను మద్రాసుకు తీసుకుపోయి, జీతమిచ్చి నేర్పుతారు. బుద్ధిగా ఉన్నవాడు ఫిట్టరు నుంచి ఫోర్‌మను దాకా, అదృష్టముంటే ఆ పైకి కూడా పోవచ్చు. ఒకటే షరతు, వయసు పాతికేళ్ళు దాటకూడదు. దేవరాజులుకు వచ్చే నెలతో పాతికేళ్ళు నిండుతాయి. ఈసారి కాకపోతే మరి లేదు. పైగా గురవమ్మ గట్టిగా చెప్పేసింది. ఇది రాకపోతే సత్యవేడులో మేనమామ శెనక్కాయ చేనుకు కాపలా పోవలసిందే.

"పందులను తరుముకుంటా బతకాల అయ్యవారూ" అన్నాడు వాడు మా అరుగు మీద కూర్చుని. "దొర ఈడికే వచ్చి నా పని సూస్తాడంట. ఆయప్ప మాట్లాడేది ఇంగిలీసు. నాకు అంకెలు తప్ప ఒక్క ముక్క రాదు. మీరు పక్కన నిలబడి నా మాట ఆయనకు, ఆయన మాట నాకు చెప్పాల."

సరే అన్నాను. దొర వస్తున్నాడని మద్రాసు నుంచి వచ్చిన ఉత్తరంలో ఉన్న తేదీని ఊరంతా చదివింది. పంచాంగం మాత్రం ఎవరూ తిప్పలేదు. నామం పెట్టుకున్నవాణ్ణి, నేనైనా చూడవలసింది. తీరా చూస్తే అది మహానవమి, ఆయుధపూజ రోజు.

ఆ రోజు షెడ్డుకు పోయేసరికి బస్సుకు అరటి పిలకలు కట్టి ఉన్నాయి. దాని ముందు అరిటాకు మీద స్పానర్లు, సుత్తులు, స్క్రూడ్రైవర్లు, జాకీ, అన్నీ కడిగి గంధం పూసి, కుంకుమ పెట్టి, చామంతులతో అలంకరించి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే మల్హోత్రా అనే ఆ ఆఫీసరు పుత్తూరు నుంచి వచ్చిన జట్కా దిగి, దాన్ని పంపేశాడు. పంజాబు మనిషి. హ్యాటు, బూట్లు, చేతిలో ఫైలు. యుద్ధానికి సెలవుల్లేవు కనుక తనకూ లేవన్నాడు. ఇంజను విప్పి, బిగించి చూపించమన్నాడు.

నేను తెలుగులో చెప్పగానే పరంధామయ్య రెండు చేతులూ చాపి అరిటాకుకు అడ్డం నిలబడ్డాడు. "కుదరదప్పా! పొద్దున్నే పూజ చేసినాను. రేపు మళ్ళా టెంకాయ కొట్టి ఎత్తేదాకా ఎవురూ ముట్టకూడదు. ముట్టితే ఏడాదంతా చేతులకు దెబ్బలే."

"పనిముట్లకు ఈ రోజు సెలవండీ" అని ఇంగ్లీషులో చెప్పాను.

"నాకు లేని సెలవు స్పానరుకు ఉందా?" అన్నాడు మల్హోత్రా.

"దానికి ఏడాదికి ఒక్కటేనండీ" అన్నాను.

ఆయన నిట్టూర్చి, పరీక్ష జరగలేదని రాయడానికి జేబులోంచి పెన్ను తీశాడు. పరంధామయ్య కళ్ళు మెరిశాయి. "అయ్యో, ఇది మరిసిపోతిమే! దొరకు పెన్నే గదా ఆయుధం!" అని ఆయన వేళ్ళలోంచి పెన్ను సుతారంగా లాగి, కళ్ళకద్దుకుని, గంధం పూసి, కుంకుమ పెట్టి, సుత్తికీ పెద్ద స్పానరుకూ మధ్య పడుకోబెట్టాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా గోవిందా అన్నారు. మల్హోత్రా ఖాళీ వేళ్ళ వంక చూసుకుని, తర్వాత నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

ఇక నోటితో అడగడమే మిగిలింది. ఆయన అడిగాడు, నేను తెలుగు చేశాను. ఏ ప్రశ్నకైనా దేవరాజులు చేతులు గాల్లో తిరుగుతున్నాయి తప్ప నోరు తిరగడం లేదు. "చేతిలో స్పానరు లేకుంటే నాకు మాట రాదు అయ్యవారూ" అన్నాడు. నేనది ఇంగ్లీషులోకి మార్చలేదు. మల్హోత్రా గడియారం చూసుకుని, నాలుగింటి రైలు అందుకోవాలన్నాడు. తన పెన్ను తనకు దొరికినప్పుడు, పరీక్షించడానికి వీలు కాలేదని రాస్తానన్నాడు. దేవరాజులు ముఖం పాలిపోయింది. ఆ క్షణంలో నాకు లోలోపల కొంచెం సంతోషం కలిగిన మాట దాచను. ఆల్జీబ్రా వదిలినవాడికి ఇదే గతి అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

దొర రైలు అందుకోవాలంటే ఆ బస్సే దిక్కు. మరి బస్సు ఆయుధం కాదా అని ఎవరో అడిగారు. పరంధామయ్య ఆలోచించి తీర్పు చెప్పాడు. బస్సు వాహనం. పూజైన వాహనాన్ని ఒక చుట్టు తిప్పాలి. పుత్తూరు దాకా పోయి వస్తే కాస్త పెద్ద చుట్టవుతుంది, అంతే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ పగలగొట్టారు. పూజ బస్సుకు టిక్కెట్టు అడగరని తెలిసి పనీపాటా లేని ఇరవై మంది ఎక్కారు. గురవమ్మ కొడుకు చేతికి సంగటి మూట ఇచ్చి, వాడు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదని నాతో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

అయిదు మైళ్ళు బాగానే పోయాం. మిట్ట ఎక్కుతుండగా ఇంజను దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. గడియారంలో మూడుంపావు. తర్వాతి రైలు మర్నాడే. ఇరవై మంది దిగి ఇరవై సలహాలు చెప్పారు. బస్సు నడుపుతున్న పరంధామయ్య స్టీరింగు చక్రం వదిలి చేతులు జోడించాడు. దేవరాజులు అలవాటుగా పనిముట్ల పెట్టె తెరిచాడు. లోపల ఒక నిమ్మకాయ ఉంది.

వాడు నిమ్మకాయను చూసి పెట్టె మూసేశాడు. తర్వాత పరీక్షనూ దొరనూ మరిచిపోయాడు. బస్సు ముందు గుచ్చిన ఊదుబత్తీల్లో వెలుగుతున్నది ఒకటి పెరికి, వెనకాల పీపా దగ్గరికి పోయాడు. ఇద్దరి చేత ఫ్యాను తిప్పించి, ఊదుబత్తిని గొట్టం పొడుగునా మెల్లగా జరుపుతూ పొగను చూస్తున్నాడు.

"ప్రార్థన చేస్తున్నాడా?" అన్నాడు మల్హోత్రా.

అడిగాను. వాడు తల తిప్పకుండానే చెప్పాడు. "గొట్టం యాడన్నా పగిలుంటే ఆడ గాలి లోపలికి పీలుస్తాది అయ్యవారూ. గాలి కలిస్తే గ్యాసు పల్చబడి ఇంజను సచ్చిపోతాది. పొగ యాడ లోపలికి దూరితే ఆడే దొంగ ఉండాడు."

ఈసారి వాడి మాట తడబడలేదు. నేను అక్షరం పోకుండా ఇంగ్లీషు చేశాను. మల్హోత్రా హ్యాటు తీసి చంకలో పెట్టుకుని వంగి చూడసాగాడు. ఒక అతుకు దగ్గర పొగ సర్రున లోపలికి పోయింది. "దొరికినాడు!" అని అరిచాడు దేవరాజులు. అతుకులో చుట్టిన తాడు కాలిపోయింది. కొత్తది చుట్టి బిగించాలంటే స్పానరు కావాలి. స్పానరు అరిటాకు మీద హాయిగా పడుకుని ఉంది.

వాడు సంగటి మూట విప్పాడు. సగం ముద్ద తీసి నా చేతిలో పెట్టి, "నీళ్ళు సల్లి బాగా పిసకండి అయ్యవారూ. ఉండలు ఉండకూడదు" అన్నాడు. నామం పెట్టుకున్న ఈ వేంకటాచలపతి, అంటే నేనే, నడిరోడ్డు మీద, ఇరవై మంది చూస్తుండగా, గురవమ్మ పాకలో వండిన సంగటి పిసికాడు. వాడు వేలు చూపిస్తుంటే నేను నీళ్ళు పోశాను. వాడు ఆ ముద్దను అతుకు చుట్టూ మెత్తి, తువ్వాలు చింపి దాని మీద బిగించి కట్టి, పైన మళ్ళీ సంగటి పూశాడు. వేడి గొట్టం మీద అది చూస్తుండగానే ఆరి గట్టిపడింది.

"అదేమిటి పదార్థం?" అన్నాడు మల్హోత్రా.

"అతని మధ్యాహ్న భోజనమండీ" అన్నాను.

"ఇది ఎక్కడ నేర్చుకున్నాడో అడగండి."

"మా అమ్మ సంగటి కుండ తోమినోళ్ళకెవురికైనా తెలస్తాది దొరా. సంగటి ఎండితే ఉలి పెట్టినా రాదు" అన్నాడు దేవరాజులు.

ఫ్యాను తిప్పారు. ఇంజను రెండుసార్లు మూలిగి అందుకుంది. ఇరవై మంది గోవిందా అంటూ ఎగబడి ఎక్కారు. మిగిలిన మూడు మైళ్ళూ రాగి రొట్టె కాలిన వాసన వేసుకుంటూ పోయాం. మిగిలిన సగం ముద్దను మల్హోత్రా అడిగి తీసుకుని రుచి చూశాడు. ఉప్పు తక్కువైందన్నాడు.

రైలు ఇంకా రాలేదు. మల్హోత్రా ప్లాట్‌ఫారం మీద ఫైలు తెరిచి, స్టేషన్‌మాస్టరును పెన్ను అడిగాడు. ఆయన పెన్నులు కూడా పూజలో ఉన్నాయి. దేవరాజులు పరుగున పోయి బస్సులోంచి ఒక బొగ్గు ముక్క తెచ్చి ఇచ్చాడు. మల్హోత్రా దాన్ని పట్టుకుని నా వైపు తిరిగాడు.

"పని చూశాను. కానీ శిక్షణలో కొలతలు, లెక్కలు ఉంటాయి. మీరు ఇతని లెక్కల మాస్టరు కదా, మీ పరీక్షలో ఇతనికి ఎన్ని మార్కులు వచ్చాయి?" అని అడిగాడు.

దేవరాజులు చేతులనిండా సంగటితో నా నోటి వంకే చూస్తున్నాడు. ప్రశ్నలో మార్కులన్న ముక్క తప్ప వాడికేమీ అర్థం కాలేదు. దూరంగా రైలు కూత వినిపించింది. నాకు వాడి పాతికేళ్ళు గుర్తొచ్చాయి, సత్యవేడు పందులు గుర్తొచ్చాయి. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, వాడు అడగకుండానే, ఒకడికి రాని మార్కులు వేశాను.

"థర్టీ ఫైవ్" అన్నాను.

వాడికి అంకెలు వచ్చునని అప్పుడు గుర్తు రాలేదు.

"నో సార్!" అన్నాడు దేవరాజులు గట్టిగా. "ఎలెవెన్ సార్!" అని, నా వైపు తిరిగి జాలిగా, "మరిసిపోయినట్టుండారు అయ్యవారూ. మొదటి ఏడు ఏడు, రెండో ఏడు తొమ్మిది, మూడో ఏడు పదకొండు. ఏడాదికి రెండు పెరిగినాయి. ఇంకా పన్నెండేండ్లు మీ కాడే కూసోనుంటే ముప్పై ఐదొచ్చి పాసయ్యుందును" అన్నాడు.

నా చెవులు కాలిపోయాయి. వాడేమన్నాడని మల్హోత్రా అడిగాడు. తప్పించుకునే దారి లేదు. ఏడు, తొమ్మిది, పదకొండు, పన్నెండేళ్ళు, అన్నీ ఇంగ్లీషు చేశాను. ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. "కరెక్ట్" అన్నాడు.

బొగ్గుతో ఫైలు మీద ఏదో రాసి, రైలెక్కుతూ ఆయన నాతో రెండు మాటలన్నాడు.

"దొర ఏమన్నాడు అయ్యవారూ?" అని దేవరాజులు నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

మొదటి మాట తెలుగులో చెప్పాను. "నిన్ను తీసుకుంటాడంటరా."

వాడు అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పరంధామయ్య కూడా ఏడ్చి, మర్నాడు పెన్నును కుంకుమతో సహా రిజిస్టరు పోస్టులో పంపించాడు. మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. దేవరాజులు ఇప్పుడు మద్రాసులో ఒక పంపింగు స్టేషనులో ఫోర్‌మను. అయిదు పెద్ద ఇంజన్లు వాడి చేతి కింద ఉన్నాయి. సెలవుకు వచ్చినప్పుడల్లా నా కాళ్ళకు దండం పెట్టి, "ఆ పొద్దు మా అయ్యవారు దొరకు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పబట్టే నాకీ బతుకు" అని ఊరందరి ముందూ అంటాడు. నేను మీసం దువ్వుకుంటాను. లోపల నాకెంత సిగ్గుగా ఉంటుందో వాడికి తెలియదు.

దొర అన్న రెండో మాటను నేనింతవరకూ వాడికి తెలుగు చేసి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, చదువుకోరా దేవరాజులూ. "గేజి ముల్లు ఉన్నది ఉన్నట్టు చూపించకపోతే ఇంజను పేలిపోతుంది మాస్టర్. అందుకే ఇతన్ని తీసుకుంటున్నాను. దరఖాస్తు మీరు పెట్టి ఉంటే తప్పించేవాణ్ణి."